మూడుకి నాలుగు టిక్కులు

గుండీల కొట్టులో గిరాకీ లేని మధ్యాహ్నం. పదో తరగతి లెక్కల పరీక్ష కిందటిసారి తప్పిన అత్తగారు రేపు మళ్ళీ రాయబోతున్నారు. కోడలు పాఠం చెబుతోంది.

“మళ్ళీ ఒక్క గడిలోనే టిక్కు పెట్టారత్తయ్యా. మూడు సహజ సంఖ్యే గానీ, పూర్ణ సంఖ్య కూడా. అకరణీయ సంఖ్య, వాస్తవ సంఖ్య కూడా.”

“ఒక్క గుండీని నాలుగు సొరుగుల్లో ఎలా వేస్తానే?”

“సొరుగులు కావు. చిన్న డబ్బా పెద్ద డబ్బాలో ఉన్నట్టు.”

“అయితే మైనస్ మూడుకీ నాలుగేనా?”

“దానికి మూడే. అది సహజ సంఖ్య కాదు.”

“ఇప్పుడే కదా నాలుగన్నావు! నా బుర్ర తిరిగిపోతోంది. ముప్పై ఏళ్ళుగా ఒక వస్తువుకి ఒకటే చోటు. లేకపోతే కొట్టు నడుస్తుందా?”

“అందుకేనా, మా అమ్మకి ఒంట్లో బాగాలేదు, చూసొస్తానంటే, ‘నువ్విప్పుడు ఈ ఇంటి మనిషివి’ అన్నారు?”

“లెక్కల మధ్యలో అదెందుకిప్పుడు?”

“ఈ ఇంటి కోడలినైతే మా అమ్మకి కూతుర్ని కాకుండా పోతానా?”

అత్తగారు గడుల కాగితాన్ని తన ముందుకి లాక్కున్నారు.

“ఆ పెన్సిల్ ఇలా ఇవ్వు. మూడుకి నాలుగు టిక్కులు. ఎందుకో నాకింకా అంతుపట్టలేదు. నువ్వు సాయంత్రం బస్సుకి బయల్దేరు. ఆ మైనస్ మూడుతో నా తిప్పలేవో నేను పడతాను.”