గోడమీద సముద్రం

"నన్ను పిసినారి అంటారే, మొన్న ఫ్రేముల కొట్లో సముద్రం బొమ్మ కొన్నాను. అచ్చేసింది కాదు, చేత్తో వేసింది. బేరం కూడా ఆడలేదు!"

టీకొట్టు బల్లమీద అందరం నవ్వాం. చెప్పేది మా వీధి టైలరు. నేలమీద రాలిన గుండుసూదుల్ని అయస్కాంతంతో ఏరుకునే మనిషి. గుడ్డ కన్నా కోతలే ఎక్కువ కోస్తాడని పేరు.

"మరి మీ ఆవిడ? పైసా దుబారా చేస్తే ఇల్లు పీకి పందిరేస్తుందిగా!" అన్నాడు సెలూన్ ఆయన.

"మురిసిపోయింది! మధ్యగదికి కిటికీ లేదు కదా, ఆ గోడకి తగిలించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి! ఫ్యాన్ ఆపేసి దుప్పట్లు కప్పుకున్నాం. తడిబట్టలు దానిముందు ఆరేస్తే చిటికెలో ఆరిపోతున్నాయి."

"సముద్రపు గాలికి బట్టలు ఆరతాయా మాస్టారూ?"

"అది ఊరికే వచ్చిన సముద్రం. ఇది డబ్బిచ్చి కొన్నది! మర్నాడు చూస్తే ఫ్రేము అంచున తెల్లగా ఏదో పేరుకుంది. నాలిక్కి రాసుకుంటే ఉప్పు! గీకితే డబ్బా నిండింది. ఇక ఈ జన్మకి ఉప్పు కొనే పనిలేదు, బొమ్మ ఖరీదు ఉప్పులోనే వచ్చేస్తుంది. అంతటితో ఆగిందా? దాంట్లో ఓ మూల చిన్న పడవుంది. నిన్న పొద్దున లేచి చూద్దును కదా, పడవ లేదు! కంగారుపడి కేకేస్తే, మా బామ్మర్ది తెడ్డు భుజానేసుకుని ఫ్రేములోంచి దిగుతున్నాడు, 'చేపలు పడలేదు బావా' అంటూ!"

"పడవ సంగతి నాకు తెలీదు గానీ బావా," వెనకనుంచి బామ్మర్ది గొంతు, "నీ జేబులో ఉప్పు పొట్లం కనబడుతోంది. అక్క తెమ్మని పంపి గంటైందట. ఆ బొమ్మేమో మంచం కింద గోనెసంచిలో ఉంది. అక్క ఇందాక ఊడుస్తూ బయటికి లాగింది."

బల్లంతా గొల్లున నవ్వింది. టైలరు పొట్లాన్ని జేబులో లోపలికి తోసుకున్నాడు.

"చూసేసిందా? తిరిగిచ్చెయ్యమందా?" అన్నాడు మెల్లగా. "నాకా నీలం నచ్చిందిరా. ఆ కొట్టు ముందుకొచ్చేసరికి కాళ్లు కదిలేవి కావు. ఇచ్చెయ్యలేను."

"కుర్చీ లాక్కుని దానిముందే కూర్చుంది. పొయ్యిమీద కూర అడుగంటుతున్నా లేవట్లేదు. ఉప్పుతో పాటు ఓ మేకు కూడా తెమ్మంది."

"మేకా?"

"ఆఁ. 'కొత్తది కొనమను, వంకరపోయినదాన్ని సుత్తితో సాపుచేసి తేవద్దను' అంది."