పెద్దమేస్త్రి చెవి

"బావా, ఇంకోసారి తిప్పనా?" అన్నాడు బావమరిది, కారు తాళం పట్టుకుని.

"తిప్పు," అన్నాడు పెద్దమేస్త్రి, టీకొట్టు బల్ల మీంచి లేవకుండానే.

పాత కారు కుయ్యోమని మూలిగి ఊరుకుంది. వెనక సీట్లో అత్తగారు ఒక కంటికి కట్టుతో కూర్చుని ఉంది. పన్నెండు లోపు కంటాసుపత్రికి చేరాలి. దాటితే పెద్ద డాక్టరు మళ్ళీ వచ్చే నెలకి గాని రాడు, అందాకా ఆ కన్ను ఆగదట. చూడబోతే అద్దెబళ్ళన్నీ సమ్మెలో ఉన్నాయి. ఎదురు మెకానిక్ షెడ్డువాడేమో గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి పిలవడమంటే మేస్త్రికి మీసం గొరిగించుకున్నట్టే. ముసలాయనకి చెవుడొచ్చిందని వాడు నలుగురిలో అన్న మాట మరిచిపోయే రకం కాదాయన.

"కంగారు పడకురా. విప్పి వెతికేవాడు కూలివాడు, విని చెప్పేవాడు మేస్త్రి. ఓసారి ఘాట్ రోడ్డులో ఒకాయన కారు ఆగింది. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస చెవికి ఆనించాను. కార్బురేటర్లో ఆవగింజంత ఇసుక ఉందన్నాను. విప్పితే ఉంది!"

"ఆవగింజంతేనా?" అన్నాడు పక్కనున్న మంగలి.

"అందులో సగం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా పేరు దేశాలు పాకింది. ఎక్కడో అడవిలో కారాగిపోయి ఒక దొర ఫోను చేశాడు. ఫోను ఇంజను దగ్గర పెట్టి తిప్పమన్నాను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే లోపే చెప్పాను, మూడో ప్లగ్గని. అంతేనా? ఆయన పొట్టలో పుండుందని కూడా ఆ చప్పుడులోనే విన్నాను!"

"బావా, పదకొండు దాటింది!"

"తిప్పు."

ఈసారి మూలుగు కూడా సగమే వచ్చింది. బ్యాటరీ నీరసపడుతోందని మేస్త్రికి తెలుసు. ఎంత విన్నా రోగం అందడం లేదు. నోరు మాత్రం ఆగలేదు.

"ఇవన్నీ ఏపాటి? ఇంకొకడు కదలని కారు తెచ్చాడు. విన్నాను, చప్పుడే లేదు. నాకు ఒళ్ళు మండింది. 'సిగ్గులేదే నీకు, తిన్న పెట్రోలుకైనా విశ్వాసం ఉండక్కర్లా?' అని నాలుగు తిట్టాను. జుయ్యిమని పోయింది! పొలిమేర దాటాక వాడు బానెట్ ఎత్తితే ఏముంది? ఇంజనే లేదు. అంతకు ముందు రోజే రిపేరుకి దింపారట. ఆ సంగతి చూసుకున్నాకే పాపం అది ఆగిపోయింది."

టీకొట్టాయన గిన్నె కిందకి దించేసి నోరు తెరిచాడు.

"అల్లుడు గారూ," అంది కారులోంచి అత్తగారు, మెత్తగా. "పెద్దవారు చెబుతుంటే అడ్డు రాకూడదు గానీ, నిన్న సాయంత్రం ఎదురు షెడ్డాయన మన బండి మీద చెయ్యి వేస్తాడేమోనని మీరు ఇంజనులోంచి ఏదో పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. తీసినవారు మళ్ళీ పెట్టే ఉంటారులే అని ఊరుకున్నాను. పెట్టారా?"

మేస్త్రి చెయ్యి జేబులోకి పోయి అక్కడే ఉండిపోయింది. బొటనవేలంత రోటర్ ముక్క. అది లేకపోతే ప్లగ్గులకి నిప్పురవ్వ అందదు, బండి బ్రహ్మ వచ్చినా కదలదు.

"నిన్న చూశావామ్మా? ఆ చూపుతోనా?" అన్నాడు బావమరిది.

"ఇంకో కన్నుందిగా నాయనా."

మేస్త్రి గబగబా బానెట్ ఎత్తి ముక్క బిగించాడు. కానీ తిప్పి తిప్పి బ్యాటరీ చచ్చింది. ఇక తోయాల్సిందే. మంగలి వచ్చాడు, టీకొట్టాయన వచ్చాడు, అయినా చాలలేదు. పిలవకుండానే ఎదురు షెడ్డువాడొచ్చి మేస్త్రి భుజానికి భుజం ఆనించాడు. మేస్త్రి పళ్ళు బిగించాడే గాని వద్దనలేదు.

వాలు దగ్గర ఇంజను దగ్గింది, తుమ్మింది, అందుకుంది.

కదిలిపోతున్న కారు కిటికీలోంచి అత్తగారు తల బయటకి పెట్టింది.

"జేబు ఇంకోసారి తడుముకోండి అల్లుడు గారూ! బ్రేకులు గాని ఉన్నాయేమో!"