అల్లునికి నాడాలు

గుర్రాల పందెం పొద్దున, ఇచ్చోడ పక్క ఊరి అత్తారింట్లో కొత్తల్లుడు బామ్మర్దిని పక్కకు లాగాడు.

"మీ బాపు పొద్దటి సంది 'అల్లునికి ఉలవలు పెట్టిన్రా, కాళ్లకు నాడాలు కొట్టిన్రా' అని ఒర్రుతుండేంది?"

"పరేషాన్ కాకు బావా. పందెం రోజు గుర్రాన్ని పేరు పెట్టి పిలిస్తే దిష్టి తగుల్తదని, అల్లుడంటం."

"హమ్మయ్య! నా కాళ్లకే అనుకున్న. మరి ఎక్కేదెవరు?"

"కొత్తల్లుడే. గది మా రివాజు."

"నాకు గుర్రు పెట్టుడే వచ్చు గని, గుర్రం ఎక్కుడు రాదు! పడితే మీ అక్క ముందట నా ఇజ్జతేం గావాలె?"

"ఇజ్జత్ యాడికి పోదు బావా. నువ్వు నడుమల్నే పడ్డా, గుర్రమొక్కటే ముందుగాలొచ్చినా, మైకుల 'అల్లుడే గెలిచిండు' అనే చెప్తరు!"