ఓకే మేడం అంటి

"తాతా, నువ్వు బడికే పోలేదు గదా, ఇన్ని ఇంగ్లీషు మాటలు యాడ నేర్చుకున్యావు?"

యాడేముందమ్మా, కూలి కాడ. మన ఓర్వకల్లు గుట్టల కింద కంకర మిషన్ లేదా, ఆడ 'రివర్స్' నేర్చుకుంటి. లారీ ఎనక్కొస్తాంటే డ్రైవరు అరిచె, నేను పక్కకు దుంకితి, అంతే, వచ్చేసె మాట. 'లెవల్' మేస్త్రీ నేర్పె, గోడ వంకర పోతే తిట్టి మరీ నేర్పె. ఆయప్పది బనగానపల్లె... కాదు కాదు, వాళ్ళ మామది. మామిడికాయలు తెచ్చిస్తాండె మనకు. సరేలే, ఏం చెప్తాంటి? ఆఁ, 'ఓకే'. అది మాత్రం ఎవురూ నేర్పలా. ఓకే సార్ అంటే ఇంగ ఎవురూ తిట్టరు, అంతే నాకు తెలిసింది.

నువ్వు నర్సు సదువు సదువుతాండావు గాబట్టి చెప్తాండా, ఇను.

మీ అవ్వకు కడుపులో గడ్డ లేసి చీము పడితే కర్నూల్లో ఒక ఆసుపత్రిలో చేర్పిస్తిమి. తెల్లారితే ఆపరేషన్. సాయంత్రం నర్సమ్మ వచ్చి గబగబా చెప్పె. 'ఎంప్టీ స్టమక్' అనె, ఇంగా ఏందేందో అనె, ఓకేనా అనె. నేను చేతులు కట్టుకోని 'ఓకే మేడం' అంటి. ఒక్క ముక్క అర్థమైంటే ఒట్టు. ఇంత వయసొచ్చి ఇది గూడా తెలీదా అంటాదేమోనని సిగ్గు నాకు.

మన ఇండ్లల్లో ఎట్లుంటాది, నీకు తెలుసు గదా. పరీక్షకు పోయే పిల్లను ఉత్త కడుపుతో గడప దాటనిస్తామా? మా యమ్మయితే ఎద్దుకు మేత ఎయ్యందే కాడి కట్టనిచ్చేది గాదు. అట్లనే పొద్దున్నే సంగటి మజ్జిగలో పిసికితి. మీ అవ్వ "నాకు సయించదు, వద్దబ్బా" అని మొగం తిప్పుకునె. తినకపోతే సత్తువ యాడ్నించి వస్తాదని నేనే నాలుగు ముద్దలు బలవంతంగా పెడితి. నా చేత్తోనే.

లోపలికి తీసకపోయే ముందు డాక్టరు అడిగె, ఏమన్నా తిన్యాదా అని. తిన్యాది సార్, సంగటి తినిపిచ్చినా అని గొప్పగా చెప్తి. ఆయప్ప నర్సు దిక్కు జూసె. చెప్పినాను సార్, ఓకే అన్నాడు అనె ఆ పాప. నిజమే గదా. మత్తిచ్చినాక తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే పాణానికే ముప్పంట. సాయంత్రానికి వాయిదా ఏసిరి. సాయంత్రం దాకా గడ్డ ఆగలా. మధ్యాన్నమే లోపల పగిలె. మూడో దినం పాయె మీ అవ్వ.

ఆ 'ఎంప్టీ స్టమక్' అంటే ఏందని వాయిదా ఏసిన పొద్దే బయట టీ కొట్టాయప్పను అడిగితి. ఖాళీ కడుపు తాతా, అనె, టీ పోస్తా పోస్తా. ఆయప్పను అడిగినోణ్ణి, ఆ పాపను అడగలేకపోతి.

మీ నాయన ఇప్పటికీ ఆ డాక్టర్నే తిడతాంటాడు. నేను నోరెత్తకుండా ఇంటాంటా.

నాలాంటోళ్ళు శానామంది వస్తారు తల్లీ నీ కాడికి. వాళ్ళు ఓకే అన్నారని పోవద్దు. నేనేం జెప్పినానో నీ మాటల్లో చెప్పు పెద్దాయనా, అని అడుగు. కసురుకోవద్దు. చెప్పిందాకా ఆ మంచం కాడ్నించి కదలొద్దు. నువ్వు సల్లగుండాల... నీ చేతికి వచ్చినోళ్ళంతా ఇంటికి పోవాల...