గాలి తీసిన చక్రాలు

తండా పెద్దలకు, పెనుబల్లి నుంచి వచ్చిన మిత్రులకు, కవితను కన్న లాలి అత్తమ్మకు నమస్కారం. ఇంత ఎండలో నా భార్య కోసం వచ్చి కూర్చున్నారు. మీ మేలు మరువను.

ముందు ఆ రోజు జరిగింది చెబుతాను. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న బంగళాల వీధిలో మన వ్యానులు మూడు ఆగేవి. నాది, మంగీలాల్ మామది, నాగరాజుది. తేనె, చింతపండు, చీపుర్లు అమ్ముకుంటూ వాటిలోనే వండుకునేవాళ్లం, వాటిలోనే పడుకునేవాళ్లం. ఆ ఉదయం కవిత ఛాతీ బరువుగా ఉందన్నది. "సీసాలిచ్చి జల్దీ రా, దవాఖానాకు పోదాం" అన్నది. ఆమెను బండిలోనే పడుకోబెట్టి పరదా వేసి, తాళంచెవి జేబులో పెట్టుకొని, హోటల్‌కు తేనె ఇచ్చి వచ్చాను. అప్పటికే ఆమె ఒళ్లంతా చెమట. మిగతా రెండు వ్యానులూ అక్కడ లేవు. బండి తీయబోతే కదల్లేదు. వెనక చక్రాల్లో గాలి లేదు. ఆటో కోసం వీధి చివరి వరకూ పరుగెత్తాను. ఆస్పత్రి గుమ్మంలో ఆమె పోయింది.

మిత్రులారా, కవిత ఎవరికీ తల వంచిన మనిషి కాదు. ఒక వాచ్‌మన్ కర్రతో బండిని తట్టి, రాత్రిళ్లు ఇక్కడ ఉండకూడదన్నాడు. "ముందు ఆ సముద్రానికి చెప్పు తమ్మీ, అది కూడా రాత్రంతా ఈడనే ఉంటది" అన్నది. వాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఒకసారి ఒక బంగళాలో గొలుసు పోయింది. ఎవరిని అనుమానిస్తారు? బండిలో బతికేవాళ్లనే కదా! వెతకడానికి వస్తే ఆమె అడ్డుపడలేదు. చూస్కోండి అన్నది. గిన్నెలు, దుప్పట్లు, చీపుర్లు అన్నీ ఫుట్‌పాత్ మీదికి దింపారు. ఏమీ దొరకలేదు. వెళ్లబోతుంటే దారికి అడ్డంగా నిలబడింది. "దింపినోళ్లే ఎక్కియ్యాలె" అన్నది. ఎక్కించారు. గొలుసు తర్వాత వాళ్లింట్లోనే దొరికిందట. ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు.

అందుకే, గాలి తీసింది ఆ బంగళాల వాళ్లేనని నేను ఇన్నాళ్లూ నమ్మాను. మీరూ నమ్మారు. నమ్మడం తేలిక.

కానీ పెద్దలారా, నేను ఆమె బట్టల కోసం మళ్లీ విశాఖలో బండి దగ్గరికి వెళ్లాను. వెనక బంపరు లోపల చేయి పెట్టాను. చక్రాల వాల్వు పిన్నులు గుడ్డలో చుట్టి ఉన్నాయి. పగవాడు పిన్నులు పారేస్తాడు. దాచిపెడతాడా?

బండ్లు ఎత్తుకుపోయే క్రేన్ వస్తోందంటే మనం ఏం చేస్తాం? ఎవరి బండి వాళ్లు తీసేస్తాం. మనిషి లేక తాళంచెవి దొరకని తోటివాడి బండికి వెనక చక్రాల గాలి తీస్తాం. ముందు భాగం ఎత్తినా బండి దొర్లదు. పిన్నులు గుడ్డలో చుట్టి బంపరు లోపల పెడతాం. ఈ ఉపాయం ఆ వీధిలో మన ముగ్గురికే తెలుసు. ఆ రోజు క్రేన్ వచ్చింది, ఉపాయం పారింది కూడా. బండి దక్కింది.

మిగతా ఇద్దరిలో ఎవరో ఒకడు, పరదా వెనక మనిషి ఉందని తెలియక చేశాడు. నా మేలు కోరే చేశాడు. అంతవరకూ నాకు అర్థమైంది. తర్వాత ఈ మౌనం ఎందుకు?

అడిగితే, "నేను హార్బరు దిక్కు పోయిన బిడ్డా" అన్నాడు మామ. "నాకేం ఎరుక అన్నా, నేను మార్కెట్ల ఉన్న" అన్నాడు నాగరాజు. ఇద్దరూ ముందు వరుసలోనే ఉన్నారు. ఇద్దరూ పాడె మోశారు. ఒకరి మాట నిజం. నిజం చెప్పిన మనిషిని కూడా నేను అనుమానంతోనే చూస్తున్నాను. ఇట్లాగే సాగితే ఇద్దరూ నాకు దూరమవుతారు. భార్య పోయింది. మీరిద్దరూ కూడా పోవాలా?

పంచాయితీ పెట్టను. ఎవరినీ పేరు పెట్టి నిలదీయను.

ఇప్పుడు అందరూ లేవండి. కాసేపు కవితను తలుచుకుందాం. నిలబడినంతసేపూ ఎవరూ ఎవరి ముఖమూ చూడొద్దు. నేనూ చూడను.

రేపు ఉదయం మొదటి బస్సుకు సత్తుపల్లి మీదుగా విశాఖకు బయలుదేరుతాను. బండికి గాలి కొట్టి ఇంటికి తెస్తాను. గాలి తీసినవాడు నాతో రావాలి. దారిలో ఒక్క ప్రశ్న కూడా అడగను. పక్క సీటులో తువ్వాలు వేసి ఉంచుతాను.