గిన్నె ఖాళీగ ఇయ్యొద్దని

"అవ్వా, బారో అనే మాటకు ఒక వాక్యం చెప్పవా? రేపు దిల్‌సుఖ్‌నగర్ క్లాసుల సార్ అడుగుతడు."

నన్నడుగుతున్నవా లావణ్యా? పైన కిరాయికుండుకుంట ఇంగ్లీషు నేర్చేది నువ్వు, చెప్పేది నేనా! ఏందన్నవ్ అర్థం? ఒకరి దగ్గర తీస్కొని, వాడుకొని, మల్ల ఇచ్చుడా? ఇచ్చేటోల్లది లెండ్, తీస్కునేటోల్లది బారో. గట్లనా. గిదైతే నాకు ఎర్కనే బిడ్డా.

ఈ మన్సూరాబాద్ల మేం ఇల్లు కట్టినప్పుడు చుట్టూ ఖాళీ ప్లాట్లే. పక్కన ఒక్కటే ఇల్లు, సరోజ వదినెది. గుంటూరు దిక్కోల్లు. అప్పుడు చక్కెర కిలో ఆరు రూపాయలు... కాదు, ఏడో, యాదికి లేదు. దుకానమంటే ఎల్బీనగర్ దాంక నడవాలె. మరి పక్కింట్ల బదులు తెచ్చుకోక ఏం జేస్తం? గిన్నె తెస్తే ఖాళీగ ఇయ్యొద్దు, తెల్సు కద. ఆమె గోంగూర పచ్చడి పెట్టిస్తే, అదే గిన్నెల నేను సర్వపిండి పెట్టిద్దును. గా గిన్నె గోడ మీదికెల్లి అటు ఇటు తిరుగుతనే ఉండె.

తర్వాత వాల్లు ఇల్లు అమ్ముకున్నరు. సామాను లారీల ఎక్కిస్తుంటే ఆమె గోడ కాడికొచ్చి, "వదినగారూ, వెళ్ళొస్తామండీ" అన్నది. ఆమె గిన్నె నా దగ్గరనే ఉండె. ఖాళీగ ఎట్లియ్యాలె? "జర ఆగు వదినె, సర్వపిండి చేసుకొస్త" అన్న. పిండి కలిపిన, పొయ్యి మీద పెట్టిన. అది సన్నమంట మీదనే కాలాలె కద. చేసుకొని బయటికొచ్చే వరకు లారీ లేదు. కర్మన్‌ఘాట్ రోడ్డు దాంక ఉరికిన, చేతుల గిన్నె పట్టుకొని. పిచ్చిదాన్ని, ఆమె చెయ్యి పట్టుకొని మాట్లాడేది ఇడిసిపెట్టి పొయ్యి కాడ కూసున్న. సైదాబాద్ల చుట్టాలింటికి పోతున్నమన్నది, ఇంటి నంబరు అడగాలన్న సోయి గూడ లేకపాయె.

ఇప్పుడు ఆ జాగల అయిదంతస్తులు లేచినయ్. ఎవరి తలుపులు వాల్లు ఏస్కుంటరు. చక్కెర అయిపోతే ఫోన్ల నొక్కుతరు, వచ్చేస్తది. నా దగ్గరికి ఎవరెందుకొస్తరు? మీ తాత పోయినంక మరీ... టీవీల మనుషులతోని మాట్లాడుతున్న, నవ్వకు. ఒక్కదాన్నే ఉండలేకపోతున్న బిడ్డా.

సరే, రాసుకో. పక్కింటామె గిన్నె బారో తీస్కున్న, మల్ల ఇయ్యలేకపోయిన అని. ఇంగ్లీషుల ఎట్లంటరో నీ సార్ను అడుగు.

ఇగో, గదే గిన్నె. టమాట పచ్చడి పెట్టిన, తీస్కపో. రేపు తెచ్చేటప్పుడు దాంట్ల ఏం పెట్టాల్నో అని ఆగకు. కడగకున్నా సరే, ఖాళీగనే తే. నువ్వైతే రా. సల్లగుండు బిడ్డా...