పోలయ్య అరలకి పూసిన పూత

పోలయ్యకి ఉలి పట్టడం రాదు. రాదని ఆయనకి తప్ప ఊళ్ళో అందరికీ తెలుసంట. పెళ్ళాం పేరు నాంచారు, ఒళ్ళో మూడు నెలల బిడ్డ. ఆవకాయ జాడీలు నేల మీదుంటే చెమ్మ పడుతున్నాయి, గోడకి రెండు చెక్క అరలు కొట్టించవయ్యా అందంట. వడ్రంగి ఎందుకూ, నేను లేనా అని పాత బండి పలకలు తీశాడు పోలయ్య. కోశాడు, అతికాడు, మేకులు కొట్టాడు. ఎట్లా వచ్చిందనుకో, పలకకీ పలకకీ మధ్య వేలు దూరేంత సందు. పై అరయితే గోడకి దిగేసిన కొయ్య మీద ఆనే చోట నిలువునా చీలింది. నాంచారు తమ్ముడు కోటిలింగం వచ్చి చూసి, "బావా, ఇది అరా, దొడ్డి తడికా? పోయి నాగలి పట్టుకో" అన్నాడంట. నాంచారు నవ్వలేదు. "సందు కనపడితే నా జాడీలు ఎక్కించను" అంది. అంతే అంది.

ఇంక ఈయన ఏం చేశాడంటే, చింతగింజలు ఉడకబెట్టి బంకలా రుబ్బాడు. రంపపు పొట్టు కలిపాడు. కలిపి ఊరుకున్నాడా? వాళ్ళ తాత సున్నంలో బెల్లం వేసి కట్టిన గోడ ఇంకా నిలబడే ఉందంట. గోడకి పనికొచ్చింది చెక్కకి రాదా అని ఇంత బెల్లం దంచి కలిపాడు. వినండమ్మా, బెల్లం. సందుల్లో కూరాడు, ఆ చీలికలోనూ కూరాడు, ఆరాక గాజు పెంకుతో గీకాడు, ఆముదంలో దీపం మసి కలిపి రుద్దాడు. కోటిలింగం మళ్ళీ వచ్చి గోరు పెట్టి చూశాడంట. "అతుకు ఏదీ బావా?" అంటే, "ఉంటే గదా" అన్నాడంట. నాంచారు కూడా చూసింది. ఆమెకీ కనపడలేదు. జాడీలు ఎక్కించింది. అక్కడ గాలి ఆడుతుందని అర కిందే చాప వేసి బిడ్డని పడుకోబెట్టింది.

ఏమైందంటే, నాలుగో రోజు పొద్దున బిడ్డ కెవ్వుమన్నాడు. చీమ కుట్టింది. ఇదెక్కడి చీమ అని నాంచారు తలెత్తితే అరల నిండా చీమలంట. ఊరికే కాదు, వరసలు. ఆయన పూసిన సందు సందుకీ ఒక వరస, సుద్దతో గీసినట్టు. ఒక వరస కొయ్య దగ్గర నిలువునా పోతోంది. దాని మీదే పెద్ద జాడీ. చూసింది. బిడ్డని ఎత్తింది. గడప దాటిందో లేదో, పై అర విరిగి పడ్డ చప్పుడు వీధి చివరికి వినపడిందంట. చాప మీద పెంకులూ, నూనే. ఇంక ఆ చాప సంగతి నేను చెప్పను.

పోలయ్య పొలం నుంచి పరిగెత్తుకొచ్చాడు. నాంచారు అరవలేదు. బిడ్డని దించలేదు. "చీమలకి దొరికిన చీలిక నీకు కనపడలేదా?" అందంట. ఆయన చాప వంక చూస్తా, "కనపడింది. కనపడబట్టే పూశాను" అన్నాడంట.

అబద్ధం ఆడలేదు గదా, అందుకైనా మెచ్చుకోవాలంటారు మా ఊరి మగాళ్ళు. మేం ఆడవాళ్ళం మాత్రం బిడ్డల్ని కాస్త ఇవతలికి జరుపుకుంటాం.